ఎండవేళ మూఁగవోయిన పేటికలు

వైశాఖ బహుళపక్షమున సూర్యుఁడు నడిమింటికి రాకమున్నే యుప్పుతిప్ప రేవునందలి యిసుక పెనమువలెఁ గాఁగి నడచువారి యఱికాళ్లను మాడ్చుచుండెను. గోదావరిపాయ యొకటి సముద్రమునఁ గలియు నా తావున నీరు కదలక మెదలక సీసపుఁ బలకవలె భారముగాఁ బడియుండఁగా గాలి యనునది యున్నదని తెలుపుట కొక్క యాకైన నల్లాడక తీరమందలి సరుగుడుతోఁట గోడపై వ్రాసిన చిత్తరువువలె నిలిచియుండెను. దండెములపై నారవేసిన చేఁపల వాసన పైకిఁ బోవఁజాలక నేలను బట్టుకొని ప్రాఁకుచుండెను. ప్రతిదినమును పడవల వెనువెంటఁ గేకలిడుచుఁ బోవు నీటిపక్షు లా యుదయమునఁ దీరమును విడిచి లోనాటి పొలములవైపు గుంపులు గుంపులుగాఁ దరలిపోయెను. ముదుసలు లాకసమువంకఁ జూచి యొకరి మొగ మొకరు చూచుకొని లోపలికిఁ బోయిరి.

ఆ రేవున మత్స్యకారుల సహకారసంఘమువారు నెలకొల్పిన వార్తాకేంద్ర మొకటి యుండెను. పెంకుటింటి ప్రక్కన నిలిపిన యినుపకంబము చివరనుండి వ్రేలాడు తీగల మూలమునఁ గేంద్రమందలి ప్రసారయంత్రము పలికిన పలుకు సముద్రముపై నిరువది క్రోసుల దూరము పోవుచుండెను. సంఘమువారి పదునొకండు పడవలలోను నొక్కొక్క వార్తాపేటిక బిగింపఁబడియుండెను. అవి వినిపించునవే కాని బదులు పలుకునవి కావు. కావునఁ గేంద్రమువారు చెప్పిన మాట పడవవారికి ముట్టినదియు లేనిదియుఁ బడవ తిరిగివచ్చిన పిమ్మటఁ గాని తెలియుటకు వీలు లేకుండెను.

ఆ పేటికలను గల్పించినవాఁడు కంభంపాటి యనంతసూరి. అతఁ డేఁబదియేండ్ల ప్రాయమువాఁడు. యౌవనమంతయు నోడలలో రేడియో యంత్రములను బిగించుచు నడిపి తుదకు సంఘమువారి కొల్వునఁ గుదురుకొన్నవాఁడు. తీగచుట్టను జూపుతోనే కొలిచి యెన్ని చుట్లున్నవో చెప్పఁగల నేర్పరి. ఆ నేర్పుతోపాటు తన మాట కెదురాడువారిని సహింపని స్వభావమును నతనికిఁ గలదు. వాల్తేరునఁ జదివి క్రిందటి యేఁట నతనికి సహాయురాలిగా వచ్చిన తల్లాప్రగడ శేషవల్లి మితభాషిణియు జిజ్ఞాసువునైన యిరువదియాఱేండ్ల కన్య.

పేటిక సముద్రాకాశమున సంచరించు ననేక రేడియో తరంగములలో నే తరంగమునకుఁ జెవి యొగ్గవలయునో నిర్ణయించునవి దాని గర్భమందలి రెండు వస్తువులు. తీగచుట్ట యొకటి. నేఁటివారు కెపాసిటరనియు నాఁటివారు కండెన్సరనియుఁ బిలుచు చిన్ని బిళ్ల రెండవది. బిళ్ల విలువ తగ్గెనేని పేటిక పై తరంగమునకును విలువ పెరిగెనేని క్రింది తరంగమునకును జెవి త్రిప్పును. అనంతసూరి లెక్కవేసి యా తావున రెండువందల పికోఫారడుల బిళ్ల యుండవలెనని నిర్ణయించెను. ఆ విలువగల బిళ్లలు రెండు తెఱఁగులవి దొరకును. వెండిపూఁత పూసిన యభ్రకపురేకులతోఁ జేసినది యొకటి. అది ముద్దగా నుండి యెండకును జలికిని దన విలువను మార్చుకొనదు. పింగాణితోఁ జేసినది రెండవది. అది గోరంత బిళ్ల. వేఁడి తగిలినచో లోలోన విలువ జాఱిపోవును. అభ్రకపు బిళ్లలు చెన్నపట్టణమునుండి రావలసియుండఁగా రాలేదు. కేంద్రమును దెఱచు దినము నిశ్చితమైపోయెను. పింగాణి బిళ్లలు చేతిక్రిందనే యుండెను. రెండింటిమీఁదను నచ్చువేసిన యంకె యొక్కటియే. అనంతసూరి పింగాణి బిళ్లలను గైకొనెను.

ఫాల్గుణమాసమున నతఁడు మొదటి పేటికలో బిళ్లను సీసము కరఁగించి యతికి మాటువేయుచుండఁగా శేషవల్లి దగ్గఱ నిలిచి చూచి యిట్లనెను.

"మాస్టారూ, ఈ బిళ్లలు ఇక్కడ వద్దండి. ఇంకెక్కడైనా పనికొస్తాయి గానీ, స్టేషను పట్టుకునే చోట పెడితే వేడికి జారిపోతాయి. పడవలో ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు."

"రెండు వందలంటే రెండు వందలే వల్లీ. మీటరు పెట్టి చూశాను. ఒక్క పాయింటు తేడా లేదు."

"మీరు చూసింది పొద్దున్నే, ఫ్యాను కిందండి."

"నేను ఓడల్లో సెట్లు బిగించేనాటికి నువ్వు పుట్టలేదు. ఆ సీసం ఇలా అందుకో."

ఆమె సీసపుఁ జుట్ట నందిచ్చెను.

ప్రాతఃకాలమునఁ బడవలు బయలుదేఱు వేళఁ బేటికలు చక్కఁగఁ బలికెను. ప్రారంభోత్సవమునకు వచ్చిన పెద్దలు సెబాసనిరి. చైత్రము గడచి యెండలు ముదిరిన పిమ్మట నర్జిల్లి దానయ్య యను పడవపెద్ద తన పేటికను భుజమునఁ బెట్టుకొని కేంద్రమునకు వచ్చెను. ఆతఁడు నలువదేండ్లవాఁడు. రేవునఁ గల్లలాడనివాఁడని పేరు గన్నవాఁడు.

"పొద్దున్న బాగానే పలుకుతాది బాబుగారూ. ఎండెక్కితే సాలు, నోట్లో మట్టి కొట్టినట్టు ఊరుకుంటాది. మల్లీ సల్లబడ్డాక దానంతటదే పలుకుతాది. ఇదేం సిత్రమండీ?"

శేషవల్లి యప్పు డక్కడ లేదు. అనంతసూరి నవ్వి "ఉప్పునీళ్లు తగిలుంటాయి దానయ్యా. ఉంచి వెళ్లు, తుడిచి ఇస్తాను" అనెను. దానయ్య పోయిన వెనుక నతఁ డా పేటికను బెరటిలో నెండఁ బెట్టి రెండు గడియలు కనిపెట్టి కూర్చుండెను. మూఁత కాఁగినకొలఁదిఁ బలుకు సన్నగిల్లి సన్నగిల్లి తుదకు బుసమాత్రము మిగిలెను. అది చూచి యతఁడు లోనికిఁ బోయెను. తన ప్రాఁత పరికరముల పెట్టెను వెదకఁగా నోడలనాఁటి యభ్రకపు బిళ్ల యొక్కటి దొరికెను. పింగాణి బిళ్లను బీఁకి దానిని మాటువేసి మఱల నెండఁ బెట్టఁగాఁ బేటిక గంటవలె మ్రోఁగెను. అతఁడు మఱమ్మతుల పుస్తకమున "తుప్పు తుడువఁబడినది" అని వ్రాసి మఱునాఁ డుదయమున దానయ్య కిచ్చివేసెను. చెన్నపట్టణమునుండి బిళ్లలు రాఁగానే మిగిలిన పదింటిని మెల్లమెల్లఁగ మార్చివేయుదునని తనలోఁ దాను చెప్పుకొనెను. తప్పును దిద్దఁదలఁచినవాఁడే కాని యొప్పుకొనఁదలఁచినవాఁడు కాఁడు. శేషవల్లితో నొక్క మాటయుఁ జెప్పలేదు. పదునేను దినములు గడచెను.

ముందుగా వర్ణించిన యా యుక్కపోఁతల యుదయమున నెనిమిదిన్నర గంటలకుఁ గేంద్రమున టెలిఫోను మ్రోఁగెను. సముద్రమునఁ బుట్టిన వాయుగుండము తుపానుగా మాఱి యుత్తరమున నుప్పుతిప్పకు నావలి తీరమును దాఁకఁ గలదనియు దక్షిణమున వేఁటాడుచున్న పడవలు రేవునకుఁ దిరిగిరాక నక్కలపాయ యను దక్షిణపుఁ బాయలోఁ దలదాఁచుకొనవలయుననియు జిల్లా కేంద్రమునుండి వర్తమానము వచ్చెను. అనంతసూరి వెంటనే ప్రసారయంత్రము ముందు గూర్చుండి యా వర్తమానమును మూఁడుమార్లు చదివెను. అప్పటికే యెండ చుఱుక్కుమనుచుండెను. చదువుచున్నంతసేపును దన పలుకు బిళ్ల మార్పని పది పేటికలఁ జేరుట లేదేమో యన్న శంక యతనిఁ బీడించుచునే యుండెను.

పదిన్నరకు గరికిన సత్తియ్య యనువాఁడు వల చినిఁగినందున వేఁట మాని యొంటిగాఁ దిరిగివచ్చెను. శేషవల్లి యెదురేఁగి "కబురు విని కూడా ఇటొచ్చావేం సత్తియ్యా? నక్కలపాయకి పొమ్మన్నాం కదా" అని యడిగెను.

"ఏం కబురమ్మా? నా పెట్టెలో కబురూ లేదు, కాకరకాయా లేదు. పొద్దెక్కిన కాణ్నించీ బుస్సుమని పాములాగ బుసలు కొడతానే ఉంది."

ఆమె యా మాట వినఁగానే పడవలోనికి దుమికి పేటికను విడదీసి మూఁతపైఁ జేయి వైచి కాలినట్లు తీసికొనెను. చీరచెఱఁగుతోఁ జుట్టి చల్లాఱనీయక కేంద్రమునకుఁ బరుగుపరుగునఁ దెచ్చి వేర్వేఱు తరంగములను బుట్టించు పరీక్షాయంత్రము ముందుంచెను. సరిగా నప్పుడే టెలిఫోను మఱల మ్రోఁగెను. తుపాను దారి మార్చుకొని దక్షిణమునకుఁ దిరిగినదనియు సాయంకాలమునకు ముందే నక్కలపాయ సముద్రమునఁ గలియు మొగమీఁదనే విఱుచుకొనిపడఁ గలదనియు నెవ్వరు నా పాయలోఁ బ్రవేశింపక మధ్యాహ్నము రెండు గంటలలోపల నుప్పుతిప్పకు వచ్చివేయవలయుననియు రెండవ వర్తమానము. అనంతసూరి దానిని గాగితముపై వ్రాసికొనెను.

శేషవల్లి పరీక్షాయంత్రపు మీటను మెల్లమెల్లఁగఁ ద్రిప్పుచుండెను. ప్రసారము చేయు తావునఁ బేటిక రాయివలె నుండెను. ఇంకను బైకి, ఇంకను బైకిఁ ద్రిప్పఁగా నఱువది కిలోసైకిళ్ల యెగువను, అనఁగా నూటికి రెండుపాళ్లు పైని, హఠాత్తుగాఁ బలికెను. ఆమె కన్నులు విప్పారెను.

"మాస్టారూ, పెట్టెలు చెవిటివి కాలేదు. వేడికి వేరే చోట వింటున్నాయి. అన్నీ ఒకే పెట్టెలోంచి తీసిన బిళ్లలు, అన్నిటికీ ఒకటే ఎండ. అన్నీ ఇంచుమించు అక్కడే ఉంటాయి. అవి మన దగ్గరికి రాలేకపోతే మనమే వాటి దగ్గరికి పోదాం. ట్రాన్స్‌మిటరునే జరుపుదాం."

"అది మనకిచ్చిన చోటు కాదు. అనుమతి లేదు."

"ప్రాణాలు పోయాక అనుమతి ఎవరికండీ?"

అతఁడు తలయూఁచెను. ప్రసారయంత్రమునందుఁ గూడ రెండువందల విలువయే యుండెను. నూటి కిన్ని పాళ్లు తరంగము పైకిఁ బోవలెనన్న బిళ్ల విలువ యంతకు రెండింతల పాళ్లు తగ్గవలయును. శేషవల్లి కాగితముపై రెండు పంక్తులు గీఁచి నూటతొంబదిరెండని తేల్చెను. ఆ విలువగల బిళ్ల లోకమున నెవ్వరును జేయరు. యంత్రము తన కాఁకకుఁ దానే జాఱిపోవునని పింగాణి బిళ్లల వంకఁ జూడక విడిభాగములలో మిగిలిన నూటయెనుబది విలువగల యభ్రకపు బిళ్ల నొకదానిని దీసి దాని ప్రక్కఁ బండ్రెండునకు నటునిటు త్రిప్పుటకు వీలైన చిన్న సవరణబిళ్లను జేర్చెను. పేటికలలోఁ గల కొద్దిపాటి భేదములను దడవి పట్టుటకే యా యేర్పాటు. మాటుకడ్డి కాఁగుచుండఁగా నామె తలయెత్తి యడిగెను.

"ఒక్క మాటండి. పడవల్లో పెట్టెలన్నీ ఒకటే కదా? దేన్లోనైనా బిళ్ల మార్చారా? మార్చి ఉంటే చెప్పండి, ఒక స్విచ్చి పెట్టి రెండు చోట్లా మార్చి మార్చి చదువుదాం. నిమిషం పని."

అనంతసూరి కన్నుల యెదుట దానయ్య పేటిక కదలాడెను. ఉదయమునఁ దాను చదివిన మొదటి వర్తమానమును పదునొకండు పడవలలో విన్నవాఁ డొక్క దానయ్యయే యని యతనికిఁ దెలిసెను. విన్నవాఁడు కావున నక్కలపాయవైపు మరలియుండు ననియుఁ దెలిసెను. ఇప్పుడు తాము తావు మార్చినచో సరియైన పేటిక గలవాఁ డతఁ డొక్కఁడే రెండవ వర్తమానమును వినకపోవుననియుఁ దెలిసెను. ఇంతయుఁ దెలిసియు "ఏ పుస్తకములో వ్రాసితిరి, ఎందుకు దాఁచితిరి" అని యా పిల్ల యడుగఁబోవు ప్రశ్న యతనికి సముద్రముకంటెఁ బెద్దదిగాఁ దోఁచెను. దానయ్య సముద్రమును జదివినవాఁడు, ఆకసము చూచి తానే తెలిసికొనునని మనస్సున కొక మాట చెప్పుకొనెను.

"అన్నీ ఒకటే" అనెను.

పదునొకటిముప్పావునకు శేషవల్లి మాటువేయుట ముగించెను. అనంతసూరి మైకను పలుకుఁదొట్టిని నోటికడఁ బట్టుకొని "నక్కలపాయకి వెళ్లొద్దు, రెండు గంటల లోపల ఉప్పుతిప్ప చేరండి" అని చదువుచుండఁగా నామె సవరణబిళ్లను వెండ్రుకవాసి వెండ్రుకవాసి త్రిప్పుచుండెను. ముప్పావుగంటసేపు వా రట్లే నిలిచిరి. పండ్రెండున్నర దాఁటఁగానే తూర్పున నల్లని చుక్క యొకటి కనఁబడెను. తరువాత మఱొకటి. తీరమునఁ జేరిన స్త్రీలు పేరుపేరునఁ బడవలను గుర్తించి కేకలు పెట్టిరి. పడవ దిగిన ప్రతివాఁడును "పెట్టె పలికింది, పెట్టె పలికింది" అని చెప్పుచు వచ్చెను. శేషవల్లి యలసియు నవ్వెను. అనంతసూరి నవ్వలేదు. ప్రతి పడవను లెక్కించుచు నతఁ డొక్క పడవకొఱకే చూచుచుండెను.

ఒంటిగంటకు దానయ్య భార్య కాసులమ్మ తడిసిన కాళ్లతోఁ గేంద్రపు గుమ్మమునకు వచ్చి నిలిచెను.

"అందరియ్యీ వత్తన్నాయి, మా ఆయన పడవేదమ్మా? ఆయన పెట్టె అన్నిట్లోకీ బాగా పలుకుతాదంట గదా. బాబుగారే బాగు సేసిచ్చారంట. మిట్టమజ్జానం ఎండలో గూడా గంటలాగ మోగుతాదని ఇంటికొచ్చి మరీ సెప్పాడు. మరి ఇనబళ్లేదా ఆయనకి?"

శేషవల్లి చేతిలోని మీట నిలిచిపోయెను. ఆమె మెల్లఁగా వెనుకకుఁ దిరిగెను.

"మాస్టారూ."

అతఁడు నేలఁ జూచుచుండెను.

"మార్చాను. అభ్రకం వేశాను. పదిహేను రోజులైంది."

"ఇందాక అడిగానే..."

ఆమె బదులునకై నిలువలేదు. కడ్డిని లాగి మునుపటి బిళ్లను దెచ్చి మాటువేయ సాఁగెను. తొందరచే నొకమాఱు సీసము జాఱి వ్రేలిపైఁ బడినను దుడుచుకొనలేదు. కాసులమ్మకు వారి మాటలలోఁ గొన్నియే బోధపడినను వారి మొగములు సంపూర్ణముగా బోధపడెను. ఆమె గుమ్మమును బట్టుకొని క్రిందఁ గూర్చుండెను. తక్కిన తొమ్మిది పడవలును దీరము చేరియుండఁగా నొంటిగంటపావునకు యంత్రము పూర్వపుఁ దావునకు వచ్చెను. అనంతసూరి కాగితమును బాఱవైచి "దానయ్యా, నక్కలపాయలోకి వెళ్లకు, వెళ్లకు దానయ్యా" అని పిలువఁదొడఁగెను. ఆ పిలుపు బదులెఱుఁగని యాకసములోనికిఁ బోవుచునే యుండెను.

రెండు గంటలకు దక్షిణపు టంచునఁ గాటుకవంటి మబ్బు లేచి సూర్యుని మ్రింగెను. వేఁడి దిగెను. గాలి లేచెను. రేవునఁ గట్టిన పడవలలోఁ బేటికలు చల్లాఱి యొకటొకటిగాఁ దమ పూర్వపుఁ దావునకుఁ దామే తిరిగివచ్చి "వెళ్లకు దానయ్యా" అను నా పిలుపును స్పష్టముగాఁ బలుకఁజొచ్చెను. జనము లేని పడవలలో నుండి తొమ్మిదికంఠములతో వెలువడు నా యొక్క పేరును విని తీరముననున్న వా రందఱును జెవులు మూసికొనిరి.

తుపాను రెండు దినములు వీచి వెడలెను. మూఁడవనాఁటి మధ్యాహ్నమున అన్నతోఁ గూడఁ బడవలోఁ బోయిన దానయ్య తమ్ముఁడు బండియ్య యొడలెల్ల గాయములతో నిసుకవెంబడి నడిచి వచ్చెను. అతఁడు వదినెగారి ముందు నిలువఁజాలక వార్తాకేంద్రపు టరుగుమీఁదఁ గూలఁబడి శేషవల్లితోఁ జెప్పెను.

"పొద్దున్న కబురినగానే అన్న పాయవైపు తిప్పేశాడు. పన్నెండింటికి మొగ బయట ఉన్నాం. లోపలికి పోదామా వద్దా అని కాసేపు సూశాడు. ఆకాశం బాగోలేదురా, అయినా పెట్టె సెప్పింది గదా అన్నాడు. లోపలికెళ్లి లంగరేశాక ఎప్పటికో పెట్టె పలికింది, ఎల్లకు దానయ్యా అని. అప్పటికి మొగలో కెరటం గోడలాగ లేసిపోయింది. అన్న నవ్వాడమ్మా. బాబుగారి పెట్టె ఎంత సక్కగా పలుకుతుందిరా అన్నాడు. అదే ఆకరు మాట."

పండ్రెండు గంటలకు మొగ బయట. పదునొకటిముప్పావునకుఁ దొలి పిలుపు. ఆ పావుగంటను అనంతసూరి తన జీవితాంతము దాఁటలేకపోయెను.

వారము దినములకు సంఘము కూడెను. అనంతసూరి యందఱియెదుట నిలిచి పింగాణి బిళ్ల మొదలుకొని "అన్నీ ఒకటే" అన్న మాటవఱకు నొక్కటియు దాఁపక చెప్పెను. కొందఱు తిట్టిరి. కొట్టఁబోయిన బండియ్యను నలుగురు పట్టుకొనిరి. కేంద్రమును శేషవల్లి కప్పగించి తాను వెడలిపోయెదనని యతఁడు తాళపుఁజేతుల నరుగుపై నుంచఁగాఁ గాసులమ్మ లేచెను.

"ఎక్కడికెల్తారు బాబుగారూ? ఎల్లిపోతే మీకు సుకం. బిళ్ల తప్పేసినందుకు నేనేం అనను. మడిసన్నాక తప్పేత్తాడు. ఆ పిల్ల అడిగినప్పుడు సెప్పలేదే, దానికి మాత్రం నా కాడ మాపు లేదు. ఇక్కడే ఉండండి. పెట్టెలన్నీ మార్చండి. మార్చినయ్యి నేను ఇన్నాక గానీ పడవెక్కనివ్వను."

జ్యేష్ఠమాసమున నభ్రకపు బిళ్లలు వచ్చెను. శేషవల్లి ప్రతి బిళ్లను గాఁగు నూనెగిన్నె చెంతను మంచినీటి కుండ చెంతను గొలిచి నిలుకడగల వానిని మాత్రమే యేఱెను. అనంతసూరి మాటువేసెను. పలుకుఁదొట్టిని మాత్రము మరల నెన్నఁడును ముట్టలేదు. సంఖ్య యొక వేళ నిజమై వేఱొక వేళఁ దప్పుట జడవస్తువుల ధర్మము. ఆ జాఱుపాటును గనిపెట్టి సవరించుట విద్య. కనిపెట్టియు నూరకుండినవాని మౌనమును సవరించుట కే బిళ్లయు లేదు.

ఎండ నిప్పులు చెఱుగు నొక మధ్యాహ్నమున నుప్పుతిప్ప యిసుకమీఁదఁ బది పేటికలు వరుసగాఁ దీర్పఁబడియుండెను. గొడుగైన లేక వాని నడుమఁ గూర్చుండి కాసులమ్మ యొక్కొక్కదానికిఁ జెవి యొగ్గి వినుచుండెను. లోపలినుండి శేషవల్లి కంఠము "ఒకటి, రెండు, మూడు" అని మాటిమాటికిఁ బలుకుచుండెను. ఏడవ పేటిక కడ నామె కొంతసేపు నిలిచి తల యడ్డముగా నూఁపెను. అనంతసూరి వంగి కాలుచున్న యా పేటికను గుడ్డ యడ్డము పెట్టుకొనక యొట్టి చేతులతో నెత్తుకొని లోపలికిఁ దీసికొనిపోయెను.